లబ్బక్‌లో కరెంటు కంపెనీని ఎంచుకోవడం, మార్చుకోవడం: నెల్లూరు, ఒంగోలు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

నెల్లూరులోనో కావలిలోనో ఇల్లున్నవారికి కరెంటు ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్న ఎదురుకాదు. ఇక్కడ తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, ఒంగోలు వైపు విజయవాడ కేంద్రంగా పనిచేసే మధ్య ప్రాంత సంస్థ తీగలు వేస్తాయి, మీటరు బిగిస్తాయి, రీడింగు తీసి బిల్లు ఇస్తాయి, కరెంటు పోతే లైన్‌మన్‌ను పంపుతాయి. ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఈ పద్ధతికి అలవాటుపడిన మన పిల్లలు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి వెళ్లి, లబ్బక్ నగరంలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో చేరి, ఒక అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకోగానే, తాళంచెవి ఇవ్వకముందే అక్కడి కార్యాలయం వారు అడిగే ప్రశ్నల్లో ఒకటి “మీ కరెంటు కంపెనీ ఏది?” అన్నది. అప్పటికి ఆ పిల్లలకు కంపెనీల పేర్లు తెలియవు, ప్లాన్ల తేడాలు తెలియవు. ఇంటికి ఫోన్ చేసి అడిగితే పెద్దలకూ తెలియదు. తొందరలో ఏదో ఒక ప్లాను తీసుకోవడం, ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎక్కువ డబ్బు కట్టడం చాలామంది విషయంలో జరుగుతోంది. లబ్బక్‌లో చదివే పిల్లలకూ, ఇక్కడి నుంచి వారి ఖర్చు భరిస్తున్న తల్లిదండ్రులకూ ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను.

టెక్సాస్‌లో అధిక భాగం 2002 జనవరి నుంచే ఇళ్లవారికి కరెంటు కంపెనీని ఎంచుకునే స్వేచ్ఛ కలిగి ఉంది. లబ్బక్ మాత్రం చాలాకాలం ఇందులో చేరలేదు. అక్కడ నగరానికి చెందిన లబ్బక్ పవర్ అండ్ లైట్ అనే సంస్థే అన్ని పనులూ చూసుకునేది. 2022లో నగర పాలక మండలి పోటీ మార్కెట్లో చేరాలని తీర్మానించింది. నగర సంస్థలు చేరాలా వద్దా అన్నది చట్టం వాటి ఇష్టానికే వదిలిపెట్టింది. ఆ అవకాశాన్ని వాడుకుని మార్కెట్లోకి వచ్చిన మొదటి నగర విద్యుత్ సంస్థగా లబ్బక్ నిలిచింది. వినియోగదారులు కంపెనీని ఎంచుకోవడానికి 2024 జనవరి 5 నుంచి ఫిబ్రవరి 15 వరకు గడువు ఇచ్చారు. ఎంచుకోనివారిని ముందుగా నిర్ణయించిన కంపెనీల్లో ఒకదానికి కేటాయించారు. ఆ మార్చి నెలలో, మీటరు రీడింగు తేదీల క్రమంలో, ఇళ్లన్నీ కొత్త కంపెనీలకు మారాయి. అంటే ఈ నగరంలో పాతకాపులకు కూడా ఇది కొత్త విద్యే. సీనియర్ విద్యార్థి చెప్పిన మాటనే ప్రమాణంగా తీసుకోకుండా, ప్రతి ఒక్కరూ తమ లెక్క తామే వేసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం.

ముందుగా ఎవరి పని ఏమిటో స్పష్టం చేసుకోవాలి. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు ఇప్పటికీ లబ్బక్ పవర్ అండ్ లైట్‌వే. మీరు ఎంచుకునేది కరెంటును కొని మీకు అమ్మే విక్రయ సంస్థను మాత్రమే. గాలివానకు తీగ తెగినా, అర్ధరాత్రి కరెంటు పోయినా ఫోన్ చేయవలసింది నగర సంస్థకే గాని విక్రయ సంస్థకు కాదు. బిల్లులో తేడా, ప్లాను, డిపాజిట్, గడువు వంటివి విక్రయ సంస్థతో తేల్చుకోవలసిన విషయాలు. తీగల వాడకానికి నగర సంస్థ విధించే సరఫరా చార్జీ మీరు ఏ కంపెనీలో ఉన్నా ఒక్కటే. దాన్ని విక్రయ సంస్థ మీ దగ్గర వసూలు చేసి అక్కడికి జమచేస్తుంది. నీరు, మురుగునీరు, చెత్త చార్జీలు నగరపాలక సంస్థవి, వాటికీ ఈ ఎంపికకూ సంబంధం లేదు.

కంపెనీ మారితే ఓల్టేజీ తగ్గుతుందేమో, చౌక కంపెనీ కరెంటు నాసిగా ఉంటుందేమో అని పెద్దలు అడుగుతుంటారు. అటువంటిదేమీ ఉండదు. సోమశిల కాలువలోకి ఎన్ని చోట్ల నుంచి నీళ్లు చేరినా చివరి తూము దగ్గర రైతుకు అందేది ఒకే కాలువ నీరైనట్టు, ఎన్ని ఉత్పత్తి కేంద్రాల నుంచి వచ్చినా మీ ఇంటికి చేరేది ఒకే తీగలోని కరెంటు. మారేది డబ్బు లెక్క మాత్రమే. కంపెనీని మార్చుకునే రోజున సరఫరా ఒక్క నిమిషం కూడా ఆగదు. కొత్త తీగ వేయరు, మీటరు మార్చరు, ఎవరూ ఇంటికి రారు.

ఇక అసలు పని మొదలుపెట్టేముందు మీ ఇంటి వాడకం ఎన్ని యూనిట్లో తెలుసుకోవాలి. అక్కడి బిల్లుల్లో కిలోవాట్ అవర్ అని రాసేది మన యూనిట్టే. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవారు తెలిసినవారైతే వారి ఏడాది బిల్లులు అడిగి తీసుకోవడం అన్నిటికంటే నమ్మదగిన మార్గం. అది కుదరకపోతే అదే సముదాయంలో అంతే గదులున్న ఇంటివారిని అడగాలి. ఒక్క నెల బిల్లు చూసి ఏడాదిని అంచనా వేయకూడదు. మనకు వాడకం పెరిగేది రోహిణీ కార్తెలో. డిసెంబరు, జనవరి నెలల్లో ఏసీలు, ఫ్యాన్లు ఆగి బిల్లు తగ్గుతుంది. లబ్బక్‌లో వేసవిలో ఏసీ వాడకం ఎలాగూ ఉంటుంది, దానికితోడు చలికాలం కూడా తీవ్రంగా ఉంటుంది. ఇంటిని వేడిచేసే యంత్రం గ్యాసుతో కాక కరెంటుతో నడిచేదైతే జనవరి, ఫిబ్రవరి బిల్లులు వేసవి బిల్లులను మించిపోవచ్చు. అందువల్ల ఇల్లు చూసుకునేటప్పుడే హీటరు, నీళ్లు కాచే యంత్రం, పొయ్యి వేటితో నడుస్తాయో అడిగి రాసుకోండి. ఆగస్టులో చేరిన పిల్లలు సెప్టెంబరు, అక్టోబరు బిల్లులు చూసి ఖర్చు ఇంతేననుకుంటే జనవరిలో కంగారుపడతారు. అద్దెలోనే కరెంటు కలిపి తీసుకునే సముదాయాలు కూడా కొన్ని ఉంటాయి. ఒప్పంద పత్రంలో అలా రాసి ఉంటే మీకు ఎంపిక అవసరమే లేదు.

ప్లాన్లను పోల్చి చూడడానికి మన నియంత్రణ మండలి వంటిదైన టెక్సాస్ పబ్లిక్ యుటిలిటీ కమిషన్ “పవర్ టు చూజ్” అనే వెబ్‌సైటును నడుపుతోంది. మీ ప్రాంతపు జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ వంటిది) ఇస్తే అందుబాటులో ఉన్న ప్లాన్లు కనిపిస్తాయి. దీనికి రుసుము లేదు. ప్రైవేటు పోలిక వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి గాని, తమకు కమీషను ఇచ్చే కంపెనీలనే అవి చూపించవచ్చు కనుక మొదట కమిషన్ వారిదే చూడడం మంచిది. అయితే అక్కడ కూడా ధరను బట్టి వరుసలో పెట్టి, పైన కనిపించినదాన్ని తీసుకోవడం పొరపాటు. ప్రతి ప్లానుకూ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే పత్రాన్ని కంపెనీ తప్పనిసరిగా ఇవ్వాలి. నెలకు 500, 1000, 2000 యూనిట్లు వాడితే సగటున యూనిట్‌కు ఎన్ని సెంట్లు (సెంటు అంటే డాలరులో నూరోవంతు) పడుతుందో అందులో మూడు అంకెలుగా చూపిస్తారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా 1000 యూనిట్ల దగ్గరి అంకె. మీరు 600 యూనిట్లు వాడేవారైతే ఆ అంకెతో మీకు పనిలేదు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. మొదటి ప్లానులో సరఫరా చార్జీతో కలిపి యూనిట్‌కు 17 సెంట్లు. నెలలో 1000 యూనిట్లు దాటినా, సరిగ్గా 1000 వాడినా 90 డాలర్ల తగ్గింపు ఇస్తారు. రెండో ప్లానులో అన్నీ కలిపి యూనిట్‌కు 13 సెంట్లు, దానికి తోడు నెలకు 5 డాలర్ల స్థిర చార్జీ. 1000 యూనిట్ల దగ్గర మొదటి ప్లాను బిల్లు 170 డాలర్లలో 90 పోగా 80 డాలర్లు, అంటే యూనిట్‌కు 8 సెంట్లు. రెండోదాని బిల్లు 135 డాలర్లు, అంటే యూనిట్‌కు 13.5 సెంట్లు. వెబ్‌సైటులో మొదటి ప్లాను అగ్రభాగాన కనిపిస్తుంది. ఇప్పుడు ఇద్దరు విద్యార్థులు ఉండే ఇల్లు పది నెలలు 600 యూనిట్ల చొప్పున, రెండు చలి నెలలు 1200 యూనిట్ల చొప్పున వాడిందనుకుందాం. మొదటి ప్లానులో 600 యూనిట్లకు తగ్గింపు వర్తించదు కనుక నెలకు 102 డాలర్లు, 1200 యూనిట్లకు తగ్గింపు పోగా 114 డాలర్లు. ఏడాదికి 1248 డాలర్లు. రెండో ప్లానులో వరుసగా 83, 161 డాలర్లు. ఏడాదికి 1152 డాలర్లు. అతి చౌకగా కనిపించిన ప్లాను 96 డాలర్లు ఎక్కువ తీసుకుంది. పైగా మొదటి ప్లానులో 999 యూనిట్లు వాడిన నెలలో దాదాపు 170 డాలర్లు కట్టి, 1000 వాడిన నెలలో 80 కట్టవలసి వస్తుంది. నెలాఖరున ఆ ఒక్క యూనిట్ కోసం మీటరు వైపు చూస్తూ కూర్చోవలసిన పరిస్థితి చదువుకునే పిల్లలకు ఎందుకు?

ఇక్కడ మన అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలుగా శ్లాబులు పెట్టారు. ఈ లెక్కన 200 యూనిట్లకు, ఇతర చార్జీలు కాకుండా, 867 రూపాయలు. 400 యూనిట్లకు 2548 రూపాయలు. వాడకం రెండింతలైతే బిల్లు దాదాపు మూడింతలవుతుంది. అందుకే లైట్లు ఆపమని పిల్లలకు చెప్పి పెంచుతాం. ఇటువంటి విధానంలో తక్కువ వాడేవారికి ధర తక్కువ, ఎక్కువ వాడేవారికి ధర ఎక్కువ. లబ్బక్‌లో అమ్మే చాలా ప్లాన్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. స్థిర చార్జీలు, వెయ్యి యూనిట్ల తగ్గింపులు కలిసి తక్కువ వాడేవారికే యూనిట్ ఖరీదుగా పడేలా చేస్తాయి. మన పిల్లలు పొదుపరులు, నెలకు ఐదారువందల యూనిట్లతో సరిపెట్టుకుంటారు. అటువంటివారు పెద్ద ఇళ్లకోసం తయారుచేసిన ప్లానును తీసుకుంటే పొదుపుకు ఫలితం దక్కదు. తక్కువ వాడే ఇంటికి 500 యూనిట్ల దగ్గర అంకె తక్కువగా ఉండి, మూడు అంకెల మధ్య పెద్ద తేడా లేని ప్లానే మేలని నా అభిప్రాయం.

ప్లాన్ల రకాల గురించి కొంత. స్థిర ధర ప్లానులో ఒప్పందకాలం ముగిసేవరకు కంపెనీ తన ధరను పెంచకూడదు. తీగల సంస్థ చార్జీలు, చట్టం వల్ల వచ్చే మార్పులు మాత్రం బిల్లులో చేరవచ్చు. మారే ధర ప్లాను నెలనెలా నడుస్తుంది, మొదటి నెల తర్వాత ధరను కంపెనీ తన ఇష్టప్రకారం మార్చవచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు మార్కెట్ ధరతో నేరుగా ముడిపడిన ప్లాన్లలో ఉన్న టెక్సాస్ కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ తర్వాత అదే సంవత్సరం చేసిన చట్టంతో అటువంటి ప్లాన్లను ఇళ్లకు అమ్మడం నిషేధించారు. రాత్రిపూట ఉచితం, వారాంతాల్లో ఉచితం అనే ప్లాన్లలో మిగతా సమయపు ధర ఎక్కువగా ఉంటుంది కనుక పగలంతా ఇంట్లో ఉండేవారికి అవి పనికిరావు. విద్యార్థులకు సాధారణంగా పన్నెండు నెలల స్థిర ధర ప్లాను సరిపోతుంది. ఒప్పందం ముగిసే నెల ఏదో కూడా చూసుకోండి, తీవ్రమైన ఎండల్లోగాని చలిలోగాని కొత్త ప్లాను వెతుక్కోవలసిన అవసరం రాకుండా ఉంటే మంచిది.

నమోదు చేసుకునేటప్పుడు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న మీరు కొత్తగా ఇంట్లో దిగుతున్నారా, ఉన్న ఇంట్లోనే కంపెనీ మారుతున్నారా అని. ఈ రెండూ వేర్వేరు దరఖాస్తులు. కొత్తగా దిగేవారు ఏ తేదీ నుంచి సరఫరా కావాలో చెప్పాలి, ఆ తేదీ అద్దె ఒప్పందం మొదలయ్యే రోజై ఉండాలి. మన సర్వీస్ నంబరు వంటిది అక్కడ ప్రతి మీటరుకూ ఉంటుంది. దాన్ని ఈఎస్ఐ ఐడీ అంటారు. 17 లేదా 22 అంకెలుంటుంది, పాత బిల్లుపై కనిపిస్తుంది, చిరునామా ఇస్తే కంపెనీవారే కనుక్కుంటారు. ఒకే సముదాయంలో వందలాది ఇళ్లుంటాయి కనుక అపార్ట్‌మెంటు సంఖ్య ఒక్క అంకె తప్పినా పక్కింటి మీటరు మీ పేరుకు రావచ్చు. నమోదు పూర్తయ్యాక వచ్చే పత్రంలో చిరునామాను అక్షరం అక్షరం సరిచూసుకోండి.

డిపాజిట్ మన పిల్లలకు ఎదురయ్యే పెద్ద చిక్కు. అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలో అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, రుణ చరిత్ర ఉండదు. అటువంటివారి దగ్గర కంపెనీ డిపాజిట్ అడగవచ్చు. దానికి నిబంధనల్లో పరిమితి ఉంది: ఏడాది అంచనా బిల్లులో ఐదో వంతు, లేదా రాబోయే రెండు నెలల అంచనా బిల్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతకు మించి అడగకూడదు. గడువులోగా పన్నెండు నెలలు బిల్లులు కట్టినవారికి డిపాజిట్‌ను వడ్డీతో తిరిగి ఇవ్వాలి. ఒక కంపెనీ ఎక్కువ డిపాజిట్ అడిగితే రెండో కంపెనీని అడగండి, పాస్‌పోర్టు చూపితే చాలనే కంపెనీలు కూడా ఉంటాయి. డిపాజిట్ లేని ప్రీపెయిడ్ ప్లాన్లు ఉన్నాయి గాని, ఖాతాలో డబ్బు అయిపోతే సరఫరా ఆగిపోతుంది. చలి రాత్రుల్లో ఆ ప్రమాదం తెచ్చుకోకూడదు కనుక ఇతర దారులన్నీ మూసుకుపోయినప్పుడే వాటివైపు చూడాలి. ఇల్లు నలుగురు కలిసి పంచుకుంటున్నా ఖాతా ఎవరి పేరున ఉంటే బాకీకి వారిదే బాధ్యత, రుణ చరిత్రపై మచ్చ కూడా వారికే పడుతుంది. మిగతా ముగ్గురు తమ వాటా ఎప్పటికి ఇవ్వాలో మొదటి నెలలోనే మాట్లాడుకోవాలి.

పాత అద్దెదారు బాకీపడి వాయిదాల్లో కడుతున్నా, మీటరును తారుమారు చేసినా ఆ మీటరుపై కంపెనీ మార్పును ఆపే ఆంక్ష ఉండవచ్చు. అప్పుడు మీ దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. కంగారుపడనవసరం లేదు, మీరు కొత్తగా దిగినవారని చూపే అద్దె ఒప్పందం ప్రతి పంపిస్తే ఆ ఆంక్షను తొలగిస్తారు. పాతవారి బాకీ మీరు కట్టనక్కరలేదు.

ఉన్న ఇంట్లోనే కంపెనీ మారేవారు పాత కంపెనీకి ఫోన్ చేసి సర్వీసు రద్దు చేయమని చెప్పకూడదు. అలా చెబితే కరెంటు తీసేసే అవకాశముంది. కొత్త కంపెనీలో నమోదు చేసుకుంటే చాలు, మిగతా వ్యవహారం వారే నడుపుతారు, పాత కంపెనీ నుంచి చివరి బిల్లు వస్తుంది. నమోదుకు ముందు మాత్రం పాత ఒప్పందం ఎప్పటితో ముగుస్తుందో, మధ్యలో వదిలేస్తే ఎంత రుసుము పడుతుందో చూడాలి. కొత్త ప్లానుతో ఏడాదికి 60 డాలర్లు మిగులుతాయని 150 డాలర్ల రుసుము కట్టడంలో అర్థం లేదు. ఒప్పందం ముగిసే తేదీకి ముందు చివరి 14 రోజుల్లో మారితే ఆ రుసుము వేయకూడదన్నది నిబంధన. మారిన తర్వాత మనసు మార్చుకుంటే, షరతుల పత్రం అందిన తర్వాత మూడు పనిదినాల్లో రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు కంపెనీ మారేవారికే గాని కొత్తగా ఇంట్లో దిగేవారికి లేదు. కాబట్టి కొత్తగా దిగేవారు సంతకానికి ముందే ఫ్యాక్ట్స్ లేబుల్, షరతుల పత్రం, వినియోగదారుల హక్కుల పత్రం మూడింటినీ ఫోన్‌లో దాచుకోవాలి.

ఒప్పందం ముగియబోతోందని కంపెనీ ముందుగా నోటీసులు పంపాలి. పరీక్షల హడావిడిలో పిల్లలు ఆ మెయిళ్లు తెరవరు. గడువు దాటాక ఏమీ చేయకపోతే కరెంటు ఆగదు గాని, ఖాతా నెలనెలా మారే ధర ప్లానులోకి జారిపోతుంది, అది సాధారణంగా ఎక్కువ ధరే. ఒప్పందం చేసుకున్న రోజునే ముగింపు తేదీని నెల్లూరులో ఉన్న తల్లిదండ్రులు తమ క్యాలెండరులో రాసుకుని, నెల ముందు గుర్తుచేస్తే ఈ నష్టం ఉండదు. ఖాతా గురించి కంపెనీతో నేరుగా మాట్లాడాలనుకునే తల్లిదండ్రులు తమ పేరును అధీకృత వ్యక్తిగా చేర్పించుకోవాలి, లేకపోతే వివరాలు చెప్పరు.

తలుపు తట్టి ప్లాన్లు అమ్మేవారి విషయంలో జాగ్రత్త. “బిల్లు చూపించండి, తగ్గిస్తాం” అంటే చూపించకూడదు. బిల్లుపై ఉన్న మీటరు సంఖ్యతో మీ అనుమతి లేకుండా కంపెనీ మార్చే అవకాశం ఉంది. అలా మార్చడం నిబంధనలకు విరుద్ధం. జరిగితే ముందు విక్రయ సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, సమాధానం తృప్తికరంగా లేకపోతే పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి.

మన దేశంలో ఇటువంటి ఎంపిక ఇళ్లవారికి దాదాపు లేదు. 2003 విద్యుత్ చట్టం ఒకే ప్రాంతంలో ఒకటికంటే ఎక్కువ పంపిణీ సంస్థలకు అనుమతించింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ముంబైలో 2009 నుంచి కొన్ని ప్రాంతాల గృహ వినియోగదారులు సంస్థను మార్చుకోగలిగారు. తీగలను పంచుకుని పలు సంస్థలు పోటీపడేలా సవరణ బిల్లును 2022 ఆగస్టు 8న లోక్‌సభలో ప్రవేశపెట్టి స్థాయీసంఘానికి పంపారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ ఇంటికి ఒకే పంపిణీ సంస్థ. ఇక్కడ పోటీ రావడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, రైతుల ఉచిత విద్యుత్తు, పేదల రాయితీ శ్లాబులు దానితో ముడిపడి ఉన్నాయి.

చదువు పూర్తయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చేయవలసిన పనులు కొన్ని మిగిలి ఉంటాయి. ఖాళీచేసే తేదీకి సర్వీసు ఆపమని విక్రయ సంస్థకు ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చినవారు నమోదు చేసుకునేవరకు వాడకం మీ ఖాతాలో పడుతుంది. ఇల్లు మారుతున్నందువల్ల ఒప్పందాన్ని మధ్యలో వదిలేస్తే, అలా వదిలినందుకు వేసే రుసుము వేయకూడదు. కొత్త చిరునామా, ఇల్లు మారినట్టు రుజువు అడిగితే ఇవ్వాలి. డిపాజిట్ మిగిలి ఉంటే చివరి బిల్లులో సర్దుబాటు చేసి మిగతాది పంపుతారు. అది చెక్కు రూపంలో పాత చిరునామాకు పోకుండా, ఉద్యోగం దొరికిన ఊరి చిరునామాగాని, అక్కడే ఉండిపోయే స్నేహితుని చిరునామాగాని ముందుగా నమోదు చేయించండి. భారతదేశానికి తిరిగివచ్చేవారైతే చెక్కు జమయ్యేవరకు అమెరికా బ్యాంకు ఖాతాను మూసివేయకండి.